మంచినీళ్ళ బావికి తాళం

అనగనగా ఉప్పుటేటి ఒడ్డున ఒక ఊళ్ళో సలోమి అని ఒకావిడ ఉండేది. ఆ ఊరి పేరు మెరకపాలెం. సలోమికి భర్త పోయాడు, పిల్లలు లేరు. చర్చి ఆవరణలోనే ఒక చిన్న గదిలో ఉండేది. పొద్దున్నే చర్చి ఊడ్చేది. ఆ తర్వాత ఇంటింటికీ వెళ్ళి, జ్వరంతో పడుకున్నవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. అందుకని చిన్నా పెద్దా అందరూ ఆమెను ప్రార్థనమ్మ అనేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే, నాన్నా. ఒక్క చర్చి బావిలోనే తియ్యటి నీళ్ళు.

ఒక ఏడాది పెద్ద గాలివాన వచ్చింది. ఏటి మధ్య లంకలో ఉండే యానాదుల గుడిసెలన్నీ కొట్టుకుపోయాయి. వాళ్ళు చేపలూ పీతలూ పట్టుకుని బతికేవాళ్ళు. అప్పుడు ఏడు కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, మెరకపాలెం చివర ఏటిగట్టు మీద గుడిసెలు వేసుకున్నాయి. వాళ్ళూ చర్చి బావిలోనే నీళ్ళు తోడుకునేవాళ్ళు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత కోదండం అనే ఆసామి వచ్చి ఏటి పక్కన రొయ్యల చెరువులు తవ్వించాడు. చెరువుల దగ్గరికి లారీలు పోవాలంటే ఆ గుడిసెలు అడ్డం. అప్పుడు అతను సంఘపెద్ద ఆశీర్వాదం దగ్గరికి వెళ్ళాడు.

"గాలివానకి మీ చర్చి కప్పు ఎగిరిపోయింది కదా. కొత్త కప్పు నేను వేయిస్తాను. ఆ గట్టు మీదివాళ్ళకి మీ బావి నీళ్ళు ఆపేయండి, చాలు. నీళ్ళు లేకపోతే వాళ్ళంతట వాళ్ళే పోతారు," అన్నాడు.

ఆశీర్వాదం చెడ్డవాడు కాదమ్మా. వాన పడితే ముసలివాళ్ళు తడుస్తూ ఆరాధనలో కూర్చుంటున్నారని ఆయనకి దిగులు. ఆ దిగుల్లో సరేనన్నాడు. బావి చుట్టూ ఇనుప కంచె, గేటు పెట్టించి, గొలుసు చుట్టి తాళం వేశాడు. రోజూ పొద్దున ఒక గంట తీసేవాడు. సంఘంవాళ్ళకి ఇంటికి రెండు బిందెలు. బయటివాళ్ళకి చుక్క లేదు.

మర్నాడు పోలమ్మ అనే యానాది పిల్ల, చంకలో బిడ్డతో బిందె పట్టుకుని వచ్చింది. తాళం చూసింది. ఖాళీ బిందెతో వెనక్కి తిరిగింది.

గది గుమ్మంలోంచి సలోమి అది చూసింది. అప్పుడు తన రెండు బిందెలూ, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని గట్టు మీదికి నడిచింది. ఏడు గుడిసెలకీ చెంబులతో కొలిచి పోసింది. తనకి మాత్రం ఒక్క చెంబు మిగుల్చుకుంది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. కానీ ముప్ఫై మందికి రెండు బిందెలు ఏం సరిపోతాయి చెప్పు?

ఎండలు ముదిరాయి. పోలమ్మ బిడ్డ దాహానికి ఆగలేక గుంటలో నీళ్ళు తాగాడు. వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. సలోమి ఆ బిడ్డని పమిటలో చుట్టుకుని, పోలమ్మని ఆటో ఎక్కించుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. రెండు రోజులు మంచం పక్కనే కూర్చుంది. బిడ్డ బతికాడు.

ఆసుపత్రి నుంచి తిన్నగా ఆశీర్వాదం ఇంటికి వెళ్ళింది. ఆయన ఆమె భర్తకి సొంత అన్న.

"బావగారూ, తాళంచెవి ఇవ్వండి," అంది.

"పెద్ద విషయాలు నీకెందుకమ్మాయ్," అన్నాడాయన.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. మూడో రోజూ వెళ్ళింది. అప్పుడాయనకి కోపం వచ్చింది.

"సలోమీ, నువ్వుండేది సంఘం గది, తినేది సంఘం కూడు. ఇట్లా ఎదురు తిరిగితే గది ఖాళీ చెయ్యాల్సి వస్తుంది," అన్నాడు.

సలోమి గదికి వచ్చి మంచం మీద కూర్చుంది. ఆమెకి భయం వేసింది, నాన్నా. ఆ గది పోతే తలదాచుకోను ఇంకో చోటు లేదు. చాలాసేపు ప్రార్థన చేసుకుంది. భయమైతే పోలేదు. కానీ ఏం చెయ్యాలో తెలిసింది. లేచి మొహం కడుక్కుంది.

ఆ ఆదివారం ప్రభువు బల్ల, అంటే ప్రభువుని తలుచుకుని అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. పొరుగూరి నుంచి పాస్టరు అయ్యగారు వచ్చారు. పైన కప్పు లేదు, తాటాకులు కప్పారు. అందరూ తెల్లబట్టలు కట్టుకుని వరసగా మోకరించారు. అయ్యగారు రొట్టె ఇస్తూ, గిన్నె అందిస్తూ సలోమి దగ్గరికి వచ్చారు. సలోమి చెయ్యి చాచలేదు.

"ఏమ్మా?" అన్నారు అయ్యగారు.

సలోమి లేచి నిలబడింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"అయ్యగారూ, మన ప్రభువుకి సిలువ మీద దాహం వేసింది. ఆ మాట చెప్పుకుని ఏటేటా ఏడుస్తాం. గట్టు మీద పసిబిడ్డ దాహానికి గుంటనీళ్ళు తాగి చావు దాకా పోయివచ్చాడు. మన బావికేమో తాళం. ఆ తాళం తీసేదాకా ఈ గిన్నె నేను ముట్టుకోలేను. నన్ను క్షమించండి."

ఆశీర్వాదం తల వంచుకున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి తబితమ్మ అనే ముసలావిడ కర్ర పట్టుకుని లేచింది. ఆమెకి ఎనభై ఏళ్ళు.

"ఆశీర్వాదం, నువ్వు పుట్టకముందు సంగతి. ఇప్పుడు ఉప్పుబారిపోయిన ఊరిబావిలో అప్పట్లో మంచినీళ్ళే, కానీ మనల్ని దాని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. దూరంగా నిలబడి, ఎవరన్నా పోస్తారా అని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా చూసేవాళ్ళం. అందుకే మీ నాయనా, మా నాయనా పగలు కూలికి పోయొచ్చి సాయంత్రాలు ఈ బావి తవ్వారు. నేను మట్టితట్ట మోశాను. తాళం వెయ్యడానికి కాదురా మోసింది," అంది.

అని ఆమె కూడా గిన్నె ముట్టుకోకుండా కూర్చుంది. ఆ తర్వాత ఇంకో ఆడమనిషి. ఆ తర్వాత ఆ వరసంతా. అయ్యగారు గిన్నె బల్ల మీద పెట్టి ఆగారు.

ఆశీర్వాదం లేచాడు. ఎవరి మొహమూ చూడలేదు. బయటికి వెళ్ళి తాళం తీశాడు. గొలుసు కూడా ఊడదీసి పక్కన పడేశాడు. అప్పుడు సలోమి గట్టు మీదికి వెళ్ళి అందర్నీ పిలుచుకొచ్చింది. వాళ్ళు నీళ్ళు తోడుకున్నాకే ప్రభువు బల్ల జరిగింది.

అంతటితో అయిపోయిందనుకున్నావా? లేదు. కోదండానికి ఒళ్ళు మండింది. మీకు కప్పూ లేదు, ఏమీ లేదు పొమ్మన్నాడు. మంగళవారం పొద్దున్నే గుడిసెలు పీకించడానికి ట్రాక్టరు పంపించాడు.

సలోమి అప్పటికే గట్టు మీద ఉంది. వెళ్ళి ట్రాక్టరుకి ఎదురుగా కింద కూర్చుంది. పోలమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ తర్వాత చర్చి ఆడవాళ్ళు పొయ్యిల మీది అన్నాలు దించి వచ్చారు. ఆ తర్వాత కూలికి పోవాల్సిన మగవాళ్ళు పని మానుకుని వచ్చారు. అందరికన్నా ఆఖర్న ఆశీర్వాదం వచ్చి మరదలి పక్కన నిలబడ్డాడు.

డ్రైవరు కాసేపు హారన్ కొట్టాడు. ఆ తర్వాత ఇంజను ఆపేశాడు. "నాకూ పిల్లలున్నారమ్మా," అని బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఇవాళ పోయాడు, రేపు ఇంకొకడు వస్తాడు. వీళ్ళ పేరు మీద కాగితం ఉండాలి," అంది సలోమి.

అప్పటినుంచి మండలాఫీసు చుట్టూ తిరిగింది. మొదటిసారి వెళ్తే తహసీల్దారు లేడన్నారు. రెండోసారి వెళ్తే అర్జీ కనపడలేదన్నారు. ఆమె అక్కడే వరండాలో కూర్చుని ఇంకో అర్జీ రాసింది. చెప్పులు అరిగాయి, ఎండకి మొహం నల్లబడింది. రాను రాను ఆ వరండాలో ఆమె కూర్చునే చోటు ఆఫీసువాళ్ళందరికీ తెలిసిపోయింది. అట్లా రెండేళ్ళు గడిచాయి.

చివరికి ఒకరోజు కబురొచ్చింది. ఈసారి ఆశీర్వాదం కూడా తోడు వెళ్ళాడు. ఏడుగురు యానాది ఆడవాళ్ళ పేర్లతో ఏడు ఇళ్ళ పట్టాలు బల్ల మీద ఉన్నాయి. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, వెంట వచ్చిన ఆ ఆడవాళ్ళ వంకా, సలోమి వంకా చూశాడు.

"రెండేళ్ళ నుంచీ తిరుగుతున్నారు. వీళ్ళు మీకేమవుతారండీ?" అని అడిగాడు.

సలోమి నోరు తెరిచేలోపే ఆశీర్వాదం చెప్పాడు.

"మావాళ్ళండి."

ఇక కళ్ళు మూసుకో, బంగారం.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
కడివెడు నీళ్ళు దప్పికకి,
మనమింక మన పక్కకి.