ఎలుగు తాత కాసిన పుట్ట

అనగనగా, గోదావరి మలుపు తిరిగే చోట, కొండల నడుమ ఒక పచ్చని అడవి. ఆ అడవిలో కొమ్మన్న అని ఒక పక్షి ఉండేవాడు. అతని ముక్కు అరటిపండంత పొడుగు. ఆ ముక్కు మీద ఇంకో చిన్న కొమ్ము. ఎగిరాడంటే రెక్కల చప్పుడు కొండ అవతలికి వినిపించేది.

అతని భార్య పేరు సంపెంగి. ఆ పక్షులకు ఒక ముచ్చటైన అలవాటు ఉంది పిల్లలూ. గుడ్లు పెట్టే వేళకు ఆడపక్షి చెట్టు తొర్రలోకి వెళ్లి, వాకిలి మూసేసుకుంటుంది. ఒక్క సన్నని చీలిక మాత్రం వదులుతుంది. అన్నాళ్లూ మగపక్షే తిండి తెచ్చి ఆ చీలికలోంచి నోటికి అందించాలి. అతను తేకపోతే తల్లీ పిల్లలూ పస్తే.

ఆ ఎండాకాలం తొర్రలో పిల్లలు కళ్లు తెరిచాయి. కొమ్మన్నకు భూమ్మీద కాలు నిలవలేదు.

"సంపీ! వాగు పక్క జువ్వి చెట్టు విరగకాసింది. చెట్టంతా ఎర్రగా నవ్వుతోంది. ఇంక మనకు దిగుల్లేదు!" అన్నాడు.

"పోయినేడూ ఇలాగే నవ్వింది. గాలివాన వచ్చి పళ్లన్నీ వాగులో పడ్డాయి. మర్చిపోయావా?" అంది సంపెంగి లోపల్నించి.

కొమ్మన్న తల గోక్కున్నాడు. "అయితే మేడి చెట్టు కూడా చూసుకుంటా. మొర్రి చెట్టు కూడా."

"వానొస్తే మూడూ కలిసే రాలతాయి కదయ్యా! వానొస్తే పోయేవి కాదు, వానొస్తే వచ్చేది ఏదైనా ఉందేమో చూడు."

కొమ్మన్న అడవంతా తిరిగాడు. ఒక చెదపుట్ట పక్కన ఎలుగు తాత కాళ్లు చాపుకుని కూచున్నాడు. ఎదురుగా గోరింక మామ గంతులేస్తున్నాడు.

"రోజూ నాకు ఇప్పపువ్వు తెచ్చిపెట్టండి. మీ పేర ఒక్కో పుట్ట కాస్తాను, ఎవర్నీ ముట్టనివ్వను" అన్నాడు తాత. "మంచి వాన పడ్డ సాయంత్రం తవ్వుతాను. రెక్కలొచ్చిన చెదలు, అవే ఉసిళ్లు, గుంపులు గుంపులుగా లేస్తాయి. అందులో నా వాటా నాది. వాన పడకపోతే మాత్రం ఇచ్చిన పువ్వు తిరిగి అడక్కండి. మధ్యలో వచ్చి తవ్వమన్నా తవ్వను."

"లోపల ఉసిళ్లు ఉన్నాయని ఎలా తెలుస్తుంది తాతా?" అన్నాడు కొమ్మన్న.

"నా ముక్కు చెబుతుంది. నీకూ ఉందిలే ముక్కు, ఊరంత! ఏం లాభం?"

గోరింక మామ పకపకా నవ్వాడు. "నేనైతే జువ్వి చెట్టు వైపు కన్నెత్తి చూడను. రోజంతా ఇప్పపువ్వే ఏరి తాతకిస్తా. వాన పడ్డ రోజు నేనే రాజు!"

కొమ్మన్న కళ్ల ముందు ఉసిళ్లు చుక్కల్లా మెరిశాయి. మధ్యలో సంపెంగి నవ్వుతోంది. రివ్వున ఇంటికి ఎగిరాడు.

"సంపీ, మనమూ మొత్తం తాతకే ఇచ్చేద్దాం!"

"తాత పోయినేడు ఎవరికైనా ఉసిళ్లు ఇచ్చాడా? కనుక్కున్నావా?"

లేదు మరి. వెళ్లి వడ్రంగిపిట్టను అడిగొచ్చాడు.

"ఇచ్చాడట. వాటా కాస్త గట్టిగానే లాగుతాడట. మోసం మాత్రం చెయ్యడట" అన్నాడు.

"అయితే పొద్దున్నే ఒక్క గొంతెడు పువ్వు తాతకి. మిగతా పొద్దంతా పళ్లకే తిరుగు. ఆ గొంతెడూ పోయినా పిల్లలు పస్తుండకూడదు. అంత మాత్రమే ఇవ్వు" అంది సంపెంగి.

ఎండలు ముదిరాయి. వాన జాడ లేదు. జువ్వి పళ్లతో పిల్లలు బొద్దుగా తయారయ్యాయి. కొమ్మన్నకు మాత్రం ఒళ్లు మండింది.

"ఆ ముసలాణ్ణి ఊరికే మేపుతున్నాను సంపీ! మానేస్తా."

"వాన రాలేదంటే మన జువ్వి నిలిచిందనేగా? సంతోషించక, ఏడుస్తావేం?"

ఆ సాయంత్రమే గోరింక మామ నీరసంగా వచ్చి వాలాడు. పాపం, అతని గూట్లో పిల్లలు ఆకలితో అరుస్తున్నాయి. తవ్వమంటే తాత తవ్వలేదు. కోపం వచ్చి మామ తన పుట్ట వదిలేసుకున్నాడు. కొమ్మన్న జాలిపడి జువ్వి చెట్టు చూపించాడు.

అలా ఉండగా, ఒకరోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. చెట్లు ఊగిపోయాయి. జువ్వి, మేడి, మొర్రి... పళ్లన్నీ జలజలా రాలి వాగులో కొట్టుకుపోయాయి. తడిసి ముద్దయిన కొమ్మన్న ఖాళీ ముక్కుతో తొర్ర ముందు వాలాడు. లోపల పిల్లలు 'కీ... కీ...' అంటున్నాయి. అతని గుండె నీరైపోయింది.

"ఇక్కడేం చేస్తున్నావు? తాత దగ్గరికి పో!" అంది సంపెంగి.

వాన వెలిసింది. పచ్చని ఎండ కాసింది. తాత గోళ్లతో పుట్టను బర్రున చీల్చాడు. అబ్బ! ఉసిళ్లు బంగారు పొడిలా పైకి లేచాయి. కొమ్మన్న నోటినిండా పట్టాడు. తాత తన వాటా నాకేసి మూతి తుడుచుకున్నాడు. చీలికలోంచి ఒక్కో పిల్ల నోరు నిండింది. చివరి ముద్ద సంపెంగి నోటికి అందిస్తుంటే కొమ్మన్న కళ్లు చెమర్చాయి.

గోరింక మామ కొంచెం దూరంగా, తల వంచుకుని కూచున్నాడు.

"రా మామా, రాజుగారు పస్తుండకూడదు!" అని పిలిచాడు కొమ్మన్న. అందరూ గొల్లున నవ్వారు. చెట్లు మళ్లీ కాసేదాకా, జల్లు పడ్డ ప్రతి సాయంత్రమూ ఉసిళ్ల విందే.

ఆ ఆనందంలో కొమ్మన్న ముక్కు తొర్రలోకి దూర్చి, "సంపీ, వచ్చే ఏడు మొత్తం తాతకే ఇచ్చేద్దామా?" అన్నాడు.

లోపల్నించి ఆ ముక్కు మీద టక్కున ఒక్కటి పడింది.

"పొద్దున్నే ఒక్క గొంతెడు. అంతే!"

నీతి: ఎండకు పండేదీ, వానకు లేచేదీ రెండూ దగ్గర ఉంచుకోండి. మనకు అంతుపట్టని దానికి మాత్రం, పోయినా పస్తుండక్కర్లేనంత మాత్రమే ఇవ్వండి.