పుడిసిలి

పెద్దస్వామి ఆరాధన దగ్గర పడుతోంది. భక్తులకు పంచాల్సిన డిస్కు మాత్రం నరహరి చేతిలో తెమలడం లేదు.

స్వామివారు దేహం చాలించిన రోజు ఉదయం చెప్పిన మాటలవి. ఆయన గదిలో, ఇద్దరే ఉండగా, నరహరే కెమెరా పెట్టి పట్టాడు. అంత పెద్ద వీడియో డిస్కులో ఇమడాలంటే కుదించాలి. ఒక సాఫ్ట్‌వేర్‌తో కుదిస్తే బొమ్మ అద్దంలా వచ్చింది గానీ, ఆశ్రమంలోని పాత ప్లేయరు ఆ డిస్కును మింగి కక్కేసింది. ఇంకోదానితో చేసింది ఆడింది, కానీ స్వామివారు చెయ్యి కదిపితే చాలు, వేళ్ళు గళ్ళుగళ్ళుగా చెదిరిపోయాయి. మూడోది కొన్నాడు. దాని సంగతి ఇంకా తేల్చుకోవాలి.

"స్వామివారిని చెదరకుండా నిలబెట్టాలి. శిష్యుడిగా పుట్టినందుకు నేను చెయ్యగలిగిన సేవ ఇదే" అనేవాడు. పూర్తయ్యేదాకా ఎవరికీ చూపనని భీష్మించాడు కూడా.

పెద్దస్వామి తర్వాత ఆశ్రమానికి గురువు అచ్చమ్మగారే. ఆవిడ నోటికి కాస్త పులుపెక్కువ.

"ఇంకా అవలేదటోయ్?" అన్నారు ఒక పొద్దున గుమ్మంలో నిలబడి.

"బర్న్ చేస్తున్నానమ్మా."

"అంటే?"

"కాల్చడమమ్మా."

"సన్యాసిని సమాధి చేస్తారు గానీ కాల్చరు నాయనా. నువ్వేమో రోజుకోసారి కాలుస్తున్నావు."

నరహరి నవ్వేశాడు. "రండమ్మా, కూర్చోండి. మూడింట్లో ఏది మేలో మీరే తేల్చండి."

మూడు డిస్కుల్లోనూ ఒకే చోటు పెట్టి చూపించాడు. ఒకటి కంప్యూటర్లో, రెండు టీవీలో.

"కదలిక ఉన్న చోటే సాఫ్ట్‌వేర్ సత్తా తెలుస్తుందమ్మా. అందుకే ఎప్పుడూ ఇక్కడే పరీక్ష. చూసి చూసి, కళ్ళు మూసుకున్నా ఇదే కనిపిస్తోంది నాకు."

తెర మీద పెద్దస్వామి మాట ఆపారు. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. అరచెయ్యి గుంటగా వంగింది. కెమెరా ఆ చేతి దగ్గరికి జరిగింది. వెనకాల వీణ మోగుతోంది.

"ముద్ర పడుతున్నారని తోచగానే దగ్గరికి తెచ్చేశానమ్మా. చూడండి, ఈ మూడోదాంట్లో గోరంచు కూడా చెదరలేదు! అట్ట మీద కూడా ఈ ముద్రే వేయిస్తున్నా."

అచ్చమ్మగారు ఆ చేతినే చూస్తున్నారు. ఆ ఉదయం ఆవిడ స్వామివారి మందుల కోసం పట్నం వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

"ఆ గదిలో వీణ ఎక్కడిది నరహరీ?"

"నేనే కలిపానమ్మా. అక్కడ స్వామివారి గొంతు బాగా రాలేదు. ఏదో గొణుగుడులా ఉంటే, వినేవాళ్ళకి బాగుండదని..."

"నువ్వు విన్నావా?"

"ఆ రోజు ఫ్యాను మోతలో సరిగా వినపడలేదు. బొమ్మ చూసుకునేప్పుడు సౌండు తీసేస్తానమ్మా. ధ్యాస చెదురుతుందని."

"వీణ తీసెయ్యి."

కుదించని అసలు వీడియో పెట్టి, సౌండు పూర్తిగా పెంచాడు. ఫ్యాను మోత గదంతా నిండింది. దాని అడుగున, ఎండిపోయిన గొంతు ఒకటి గీరుకుంటూ వచ్చింది.

"నరహరీ..."

చెయ్యి లేచింది. కెమెరా చేతి దగ్గరికి జరిగింది. ముఖం తెరలోంచి తప్పుకుంది. ముఖం లేని గొంతు మళ్ళీ పిలిచింది.

"నరహరీ... దాహం నాయనా..."

ఆ ఆశ్రమంలో ఎవరూ చెంబెత్తి తాగరు. ఒకరు పోస్తే ఒకరు అరచెయ్యి గుంటగా వంచి, పుడిసిలి పట్టి తాగాలి. స్వామివారి పుడిసిట్లో రోజూ నీళ్ళు పోసింది నరహరే.

నరహరి వేలు ఎక్కడ నొక్కిందో, బొమ్మ ఆగిపోయింది. తెర నిండా వంచిన అరచెయ్యి. గీతలన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"అమ్మా..." అన్నాడు.

అచ్చమ్మగారు లేచి లోపలికి వెళ్ళారు. చెంబుతో నీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"బొమ్మ బాగా వచ్చింది నాయనా," అన్నారు తెర వైపు చూపించి. "నీళ్ళు పొయ్యి."