మరో చేతి ముద్ద

తుని రైల్వే గేటు దగ్గరి సందులో చీరలకు ఫాల్స్ కుట్టుకుని బతికే రామతులసికి, కొడుకు పనిలో ఇంకొకరి చేయి పడనివ్వని మొండితనం ఉండేది.

ఆమె కొడుకు పేరు కిరీటి. పుట్టినప్పుడే ఊపిరి అందక వాడి మెదడుకు దెబ్బ తగిలింది. పాతికేళ్ళు దగ్గర పడుతున్నా నడవలేడు, సొంతంగా కూర్చోలేడు, మాట్లాడలేడు. నచ్చితే నవ్వేవాడు. నచ్చకపోతే మొహం గోడ వైపు తిప్పేసుకునేవాడు. తండ్రి పోయి చాలా కాలమైంది. అప్పటి నుంచి కిరీటికి చేయీ కాలూ తల్లే.

పొద్దున లేస్తూనే రామతులసి వాణ్ణి భుజం మీదికి లాక్కుని స్నానాల గదికి మోసుకుపోయేది. చిన్నప్పుడు అది పనిలా ఉండేది కాదు. ఇప్పుడు వాడు ఎదిగిన మనిషి, ఆమె అరవైకి దగ్గర పడిన మనిషి. వాణ్ణి మళ్ళీ మంచం మీదికి చేర్చాక గోడకు ఆనుకుని, నడుం నొప్పి తగ్గేదాకా కళ్ళు మూసుకుని నిలబడేది. తర్వాత పప్పన్నం మెత్తగా పిసికి చిన్న చిన్న ముద్దలు పెట్టేది. ఒక ముద్ద గొంతు దిగిందని చూసుకుని మరో ముద్ద. ఒళ్ళు పుళ్ళు పడకుండా అటూ ఇటూ తిప్పడం, బట్టలు మార్చడం, మధ్యలో దొరికినంత సేపు మిషను ముందు కూర్చోవడం. రోజులన్నీ అలాగే నడిచేవి.

సందులో వాళ్ళు ఆమెను చూసి, తల్లంటే తులసే అనేవారు. ఆ మాట విన్నప్పుడు ఆమెకు కాస్త ఓపిక వచ్చినట్టుండేది. బహుశా అందుకే ఎవరైనా సాయం చేస్తామంటే, వాడి సంగతి మీకు తెలియదులెండి అని తప్పించేది.

కిరీటికి ఒక అక్క ఉంది, హిమబిందు. అనకాపల్లిలో కాపురం. భర్త శేషగిరి బెల్లం మార్కెట్లో గుమస్తా. పెళ్ళికి ముందు బిందు తమ్ముడి పనులు కొన్ని చేసేది. పెళ్ళయ్యాక తల్లి ఆ పిల్లను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. వచ్చినప్పుడల్లా కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నీ సంసారం నువ్వు చక్కగా చూసుకో చాలు అనేది. కూతురి నెత్తిన బరువు పెట్టకూడదని ఆమె ఉద్దేశం. బిందు కొన్నాళ్ళు అడిగింది, తర్వాత అడగడం మానేసింది. పండ్లు తెచ్చి, తమ్ముడి తల నిమిరి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేది.

నీ తర్వాత వీడి గతేమిటి తులసీ అని ఎవరైనా అడిగితే, రామతులసి దగ్గర ఒకటే జవాబు ఉండేది. "నాకంటే ఒక్క పూట ముందు వాణ్ణి తీసుకుపొమ్మని దేవుణ్ణి అడుక్కుంటున్నాను" అనేది. అడిగినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. మాట అక్కడితో ఆగిపోయేది.

ఒక రోజు జోగారావు మాస్టారు ఆమె ఇంటికి వచ్చాడు. ఆయన బడి నుంచి రిటైరయ్యాడు. ఆయన కూతురిది కూడా ఎదగని మనసే. అలాంటి పిల్లలున్న మరికొందరు తల్లిదండ్రులతో కలిసి, ఊరి చివర ఒక పెంకుటింటిని అద్దెకు తీసుకున్నాడు. పిల్లల్ని ఒక పూటకో, నాలుగు రోజులకో అక్కడ దింపి వెళ్ళవచ్చు. చూసుకోవడానికి ఇద్దరు ఆడవాళ్ళు, ఎత్తి దించడానికి ఒక మగమనిషి ఉన్నారు. కన్నవాళ్ళు ఆ సమయంలో డాక్టరుకు చూపించుకుంటారో, పెళ్ళికి వెళ్తారో, పడుకుని నిద్రపోతారో వాళ్ళ ఇష్టం. అదంతా చెప్పి, కిరీటిని కూడా పంపమన్నాడు.

రామతులసికి మనసు చివుక్కుమంది. తనకు విశ్రాంతి కావాలని ఎవరు చెప్పారని అడిగింది. కన్నబిడ్డను వదిలించుకుని నిద్రపోయే ఖర్మ తనకు పట్టలేదని కూడా అంది.

మాస్టారు కోపం తెచ్చుకోలేదు. "విశ్రాంతి మీ కోసమేనమ్మా. కానీ మీరు కనిపించని చోట నాలుగు మెతుకులు తినడం వాడికీ అలవాటు కావాలి కదా" అన్నాడు.

"వాడు నా చేతి ముద్ద తప్ప తినడు" అంది రామతులసి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం ఉంది. మాస్టారు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు శ్రావణ మాసంలో పెళ్ళిళ్ళు ఎక్కువ. చీరలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. కాదంటే ఇంకో సీజను దాకా పని దొరకదు. రామతులసి తెల్లవారుజామునే లేచి కుట్టి, కొడుకు పనులు చూసి, మళ్ళీ కుట్టేది. ఒక మధ్యాహ్నం కిరీటికి అన్నం పెడుతూ ఉండగా, ముద్ద వాడి నోట్లో ఉండగానే ఆమెకు కునుకు పట్టింది. వాడి తలను ఎత్తి పట్టుకున్న చేయి జారిపోయింది. వాడు ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంటే ఉలిక్కిపడి లేచింది. వీపు రాసి, నోరు శుభ్రం చేసి, తగ్గిందనుకుంది. మూడో రోజుకు వాడి ఒళ్ళు జ్వరంతో మండిపోతోంది, ఊపిరి గురగురలాడుతోంది.

పక్కింటి కాసులమ్మ ఆటో పిలిచింది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు చూసి, మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయాయని, న్యుమోనియా రెండు వైపులా పట్టిందని చెప్పాడు. ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు. కిరీటి మూతికి ఆక్సిజన్ మాస్కు తొడిగారు. వాడి పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతూ పైకి లేస్తుంటే, రామతులసి వాడి పాదం పట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక కాసులమ్మ ఆమెను ఓదార్చాలని భుజం మీద చేయి వేసింది. ఆమె మనసులో ఏ చెడ్డా లేదు. మెల్లగా అంది, "ఏడవకు తులసీ. నీ మొర దేవుడు విన్నాడేమో. నీ కళ్ళ ముందే పోతే నీకూ నిశ్చింత, వాడికీ విముక్తి."

రామతులసి తల ఎత్తి చూసింది. "అలా అనకు పిన్నీ" అంది.

"నేనేం కొత్తగా అన్నాను, నువ్వు రోజూ కోరుకునేదే కదా" అంది కాసులమ్మ.

ఇన్నేళ్ళు ఆ మాట తన నోటి నుంచి వచ్చినప్పుడు రామతులసికి అది ప్రేమలాగే వినిపించింది. ఇంకొకరి నోటి నుంచి వచ్చేసరికి శాపంలా తోచింది. మంచం మీద కిరీటి ఒక్కొక్క ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. వాడు బతకాలని అంతలా కష్టపడుతుంటే, వాడు పోవాలని తను మొక్కుకుంది. ఇదే కదా నేనడిగింది అనుకుంది. ఆ పాదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం నర్సు వచ్చి పక్కకు తిప్పమంటే రామతులసి అలవాటుగా వాడి వీపు కింద చేతులు పెట్టి లేపబోయింది. నడుములో ఏదో కలుక్కుమంది. అలాగే మంచం పక్కన కూలబడింది. లేవలేకపోయింది. నర్సు ఆమెను బెంచీ మీద పడుకోబెట్టి, మీ తరఫున ఇంకెవరున్నారమ్మా అని అడిగింది. రామతులసి ఎవరి పేరూ చెప్పలేదు. కాసులమ్మే బిందుకు ఫోను చేసింది.

బిందూ శేషగిరీ మరునాడు పొద్దున్నే బండి దిగి వచ్చారు. కిరీటికి ఊపిరి కొంచెం నెమ్మదించింది. జావ లాంటిది మెల్లగా పట్టించి చూడమన్నాడు డాక్టరు. బిందు స్పూను నోటి దగ్గర పెట్టింది. వాడు పెదవులు బిగించి మొహం తిప్పేసుకున్నాడు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిప్పేసుకున్నాడు. ఆఖరికి ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయాల్సి వచ్చింది. గొట్టం వేసేటప్పుడు వాడి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. రామతులసి బెంచీ మీద కదలలేక పడుకుని అదంతా చూసింది.

బిందు వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తర్వాత అంది, "వాడికి ముద్ద ఎలా పెట్టాలో నాకు తెలియదమ్మా. తల ఏ పక్కకు ఒరిగితే మింగుతాడో తెలియదు. నన్ను చుట్టాన్ని చేసి కుర్చీలో కూర్చోబెట్టావు."

"నీకు బరువు కాకూడదని" అంది రామతులసి.

"నీ తర్వాత వాడు నా దగ్గరికి కాక ఎక్కడికి వస్తాడు? ఏమీ తెలియని దాని చేతిలో వాణ్ణి పెట్టి పోతావా?"

"నాకంటే వాడే ముందు పోతాడనుకున్నాను."

బిందు తల్లి మొహంలోకి చూసింది. "పోకపోతే?" అంది.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న రామతులసి తనకు తాను ఒక్కసారి కూడా వేసుకోలేదు. కూతురి చేయి అందుకుని, వాడి తల కుడి వైపుకు కాస్త వంచమని, చల్లారిన గంజి ముందు పెదవికి తాకించి ఆగమని, గుటక పడేదాకా గడ్డం కింద వేలు ఉంచమని చెప్పింది. గొట్టం తీసేశాక బిందు అలాగే చేసింది. వాడు రెండు గుటకలు మింగి, అక్క మొహం కేసి అనుమానంగా చూశాడు. ఆ పూటకు అంతే.

కిరీటి బతికాడు. కానీ మునుపటికంటే బాగా చిక్కిపోయాడు. రామతులసిని ఇక బరువులెత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. బిందు కొన్నాళ్ళు తోడుండి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు రామతులసి తనే జోగారావు మాస్టారుకు కబురు పంపింది. ఆయన పాత మాటలేవీ ఎత్తకుండా ఆటో తీసుకుని వచ్చాడు.

మొదటి రోజు ఆ పెంకుటింట్లో కిరీటిని దింపి బయటికి వస్తుంటే వాడు గట్టిగా ఏడ్చాడు. ఆమె ఆ ఇంటి గోడ పక్కనే కూర్చుని ఏడుపు ఆగేదాకా వింది. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంది కానీ, ఎప్పుడు పడుకుందో తెలియకుండా పడుకుని నిద్రపోయింది. లేచేసరికి సాయంత్రమైంది. ఇంతసేపు కొడుకు గుర్తుకు రాలేదని సిగ్గుపడి, గబగబా వెళ్ళింది. వాడు ఆమెను చూసి మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు.

అన్నీ సాఫీగా జరగలేదు. ఒకసారి మూడు రోజులు ఉంచి తీసుకొచ్చాక చూస్తే, కిరీటి నడుం దగ్గర ఎర్రగా కమిలి ఉంది. వేళకు తిప్పలేదని తెలిసిపోయింది. రామతులసి మండిపడుతూ వెళ్ళి, ఇక పంపను అని చెప్పేసింది. మాస్టారు తప్పు తమదేనని ఒప్పుకున్నాడు. అక్కడ పని చేసే వరహాలు అనే ఆవిడ, తిప్పబోతే వాడు బిగుసుకుపోతున్నాడని, ఎలా తిప్పాలో ఒక్కసారి చూపించమని అడిగింది. రామతులసి కోపంగానే చూపించడం మొదలుపెట్టింది. ముందు మోకాలు మడవాలి, తర్వాత భుజం, వాడితో మాట్లాడుతూనే ఉండాలి. చూపిస్తుండగా కోపం చల్లారింది. ఇది ఎవరికైనా చెప్పడం తన జీవితంలో ఇదే మొదటిసారి అని ఆమెకు తట్టింది. ఇన్నాళ్ళూ చెప్పకుండా, మీకు తెలియదు అని మాత్రం అందరితో అంటూ వచ్చింది. మరుసటి వారం మళ్ళీ పంపింది.

చలికాలంలో బిందు తమ్ముణ్ణి అనకాపల్లి తీసుకువెళ్ళింది. అంతకు ముందే తల్లీ కూతుళ్ళిద్దరూ కూర్చుని, రామతులసి తర్వాత కిరీటి బాధ్యత బిందు తీసుకునేలా, బిందుకు కుదరని రోజుల్లో మాస్టారు వాళ్ళ పెంకుటింట్లో వాణ్ణి చూసుకునేలా కాగితాలు రాయించుకున్నారు. శేషగిరి కూడా సంతకం పెట్టాడు. ఎత్తుకోగలనో లేదో చూసుకుంటానని బావమరిదిని ఎత్తి చూసి, ఆయాసపడి, అందరినీ నవ్వించాడు. అప్పుడు కిరీటి కూడా నవ్వాడు.

వారం గడిచాక రామతులసి కొడుకును తీసుకురావడానికి వెళ్ళింది. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి బిందు వాడికి అన్నం పెడుతోంది. కిరీటి తల్లిని గుర్తుపట్టి నోరంతా తెరిచి నవ్వాడు. రామతులసి దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ గిన్నె కోసం చేయి చాపింది. కానీ వాడు మళ్ళీ అక్క వైపు తిరిగి నోరు తెరిచాడు. బిందు ముద్ద పెట్టింది. వాడు హాయిగా మింగాడు.

రామతులసి చాపిన చేయి వెనక్కి తీసుకుంది. తాను లేకపోయినా వాడి కడుపు నిండుతుందని తెలిసిన సంతోషం, తాను లేకపోయినా నిండుతుందా అన్న దిగులు ఒక్కసారే వచ్చాయి. కళ్ళు తుడుచుకుని గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చుంది. ఆమె అలసట ఒక వారంతో పోయేది కాదు. పాతికేళ్ళ అలసట అది. నడుం ఇంకా నొప్పిగానే ఉంది. కానీ లేవాలన్న తొందర లేదు. లోపల కూతురు తమ్ముడితో ఏదో మాట్లాడుతోంది, అల్లుడు నీళ్ళు అందిస్తున్నాడు. తాను కాసేపు కూర్చున్నంత మాత్రాన ఏదీ ఆగిపోదని ఆమెకు మొదటిసారి నమ్మకం కలిగింది. ఆ రోజే బండి ఎక్కాల్సింది, మరో రెండు రోజులు ఉండిపోయింది.

నీతి: ఎంత ప్రేమ ఉన్నా బిడ్డ బరువును ఒంటరిగా మోయకూడదు; మన తర్వాత కూడా వాడు బతకాలంటే, మనం ఉండగానే వాణ్ణి మరో నలుగురి చేతులకు అలవాటు చేయాలి.