బెంచీ వైపు చూపు

ఓదెలు సార్‌ను ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్లకు ముందు చాయ్ పోయించి, ప్రశ్న చల్లారేదాకా ఆగేవారు. చాలా ప్రశ్నలు చాయ్ కంటే ముందే చల్లారిపోతాయని ఆయన అనుభవం.

బెల్లంపల్లి బొగ్గుగనుల ఊరు. ఒకప్పుడు అక్కడ షిఫ్టు దిగి వచ్చినవాళ్లే ముఖం కడుక్కొని, బూట్లు కట్టుకొని ఫుట్‌బాల్ ఆడేవారు. వాళ్లకూ, ఆ తర్వాత వాళ్ల పిల్లలకూ ఆట నేర్పింది ఓదెలు సారే. గని నుంచి రిటైరైనా, శిష్యులు ఆయన్ను ఆట నుంచి రిటైరు కానివ్వలేదు. ప్రతి ఏడూ కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది రోజులకు, ప్రపంచంలోని క్లబ్బు జట్ల కోచ్‌లలో ఆ ఏటి మేటి ఎవరో ప్రకటిస్తారు. మగవాళ్ల జట్లకు ఒకరు, ఆడవాళ్ల జట్లకు ఒకరు. ఆ రోజు దగ్గర్లో ఉన్న శిష్యులంతా సార్ ఇంటి ముందు కుర్చీలు వేసుకొని, ఫోన్లలో ఆ పేర్లు చదువుతూ గొంతులు పోయేదాకా వాదించుకోవడం ఆనవాయితీ. ఇటలీ ఆయన గొప్పవాడని ఒకరు, జర్మనీ ఆయనకు అన్యాయం జరిగిందని ఒకరు. సార్ అందరివీ వింటారు. ఎవరి పక్షానా మాట్లాడరు.

ఆ ఏటి వాదనలో నోరు విప్పనిది స్వరూప ఒక్కతే. మామూలుగా అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. సార్ దగ్గర ఆట నేర్చుకొని రాష్ట్రానికి ఆడింది. మోకాలు దెబ్బతిని ఆట పోయాక హైదరాబాదులో ఒక మహిళా క్లబ్బుకు కోచ్ అయింది. ఎవరూ ఊహించనంత ఎత్తుకు ఆ జట్టును తెచ్చింది. ఇంకొక్క మ్యాచి గెలిస్తే దేశంలోని పెద్ద లీగులోకి పోతారు. హైదరాబాదులో గ్రౌండు మరమ్మతుల్లో ఉండడంతో ఆ మ్యాచి బెల్లంపల్లికే వచ్చింది. మర్నాడే ఆట. పైకి పోతేనే వచ్చే ఏటి కోచ్ కొలువు సంగతి మాట్లాడుకుందామని క్లబ్బు ఛైర్మన్ ఆమెతో ముందే అన్నాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

అందరూ లేచి వెళ్లాక కూడా స్వరూప కూర్చునే ఉంది.

"సార్, ఆ పేర్లల్ల నా పేరు ఎప్పుడన్న ఉంటదా అని నేను అడుగుత లేను. ఉండదని నాకెరుకే. కాని వాళ్లు చేసేది ఏంది, నేను చెయ్యంది ఏంది? నేను నిద్ర మానుకొని పని చేస్త. అయినా ఏదో తక్కువైతుంది. అదేందో చెప్పుండ్రి."

సార్ లోపలికి చూసి చాయ్ తెమ్మనబోయారు.

"చాయ్ రెండుసార్లు తాగిన సార్," అంది స్వరూప. "నా ప్రశ్న చల్లారలే."

ఆయన నవ్వారు. "అయితే రేపు మ్యాచికి వస్త బిడ్డా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం గ్రౌండు చుట్టూ జనం బాగానే చేరారు. ఎదుటి జట్టు కేరళ నుంచి వచ్చింది. వాళ్లకు డ్రా అయినా చాలు, స్వరూప జట్టు మాత్రం గెలిచి తీరాలి. ఆట మొదలైంది మొదలు స్వరూప కూర్చోలేదు. ఎప్పుడూ కూర్చోదు. బెంచీ ముందు కోచ్ కోసం గీసిన తెల్లగీతల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, బంతి ఎటు పోతే అటు తన గొంతును పంపుతుంది. "జుబేదా, ఎనక్కి రా! కావ్యా, ఎడమకియ్యి! ఇందూ, లైను మీద ఉండు!" చూసేవాళ్లకు అది కోపంలా ఉంటుంది. కాదు. బంతి కాలికి తగిలిన క్షణంలో మనిషి ఎంత ఒంటరిగా ఉంటుందో ఆమెకు తెలుసు. మోకాలు పోయిన నాడు తనకు చెప్పేవాళ్లు లేక, ఏం చేయాలో తోచక, ఒక్క అరక్షణం ఆగింది. ఆ అరక్షణమే ఆమె ఆటను మింగింది. తన పిల్లల్లో ఎవరికీ ఆ అరక్షణం రాకూడదని ఆమె పంతం.

మొదటి సగం గడుస్తుండగా మూల జెండా దగ్గర జుబేదాను ఎదుటి అమ్మాయి వెనకనుంచి పడగొట్టింది. రెఫరీ ఈల వేయలేదు. స్వరూప తెల్లగీత దాటి, గ్రౌండు గీత కూడా దాటి, ఆటలోకే నడిచిపోయి రెఫరీని నిలదీసింది. అప్పటికే ఒకసారి హెచ్చరిక అయింది. రెఫరీ ఎర్ర కార్డు ఎత్తింది.

బయటికి పంపిన కోచ్ బెంచీ దగ్గర ఉండకూడదు, జట్టుతో మాట్లాడకూడదు. స్వరూప తల దించుకొని గ్యాలరీ మెట్లు ఎక్కింది. పై మెట్టు మీద ఓదెలు సార్ కొంచెం జరిగి చోటిచ్చారు. కూర్చోగానే ఆమె ఫోన్ తీసింది. బెంచీ మీద ఫిజియో ఉన్నాడు. దెబ్బలకు కట్టు కట్టడం తప్ప అతనికి ఆట రాదు గాని, చెప్పిన మాట లోపలికి చేరవేయగలడు. సార్ అరచెయ్యి చాపారు. స్వరూప ఆ చేతి వైపు కాసేపు చూసి, ఫోన్ అందులో పెట్టింది.

ఎర్ర కార్డు వేడి చల్లారకముందే కేరళ జట్టు గోల్ కొట్టింది.

"ఏం కనవడుతుంది?" అన్నారు సార్.

"ఓడిపోతున్నం సార్."

"అది అందరికీ కనవడుతది. ఇంకేం కనవడుతుంది?"

ఆమె కళ్లు తుడుచుకొని చూసింది. ఎన్నో ఏళ్లుగా ఆటను ఆమె గీత పక్కన నిలబడే చూసింది, పైనుంచి చూడలేదు. బంతి కావ్య దగ్గరికి వచ్చింది. ముందర గజాల కొద్దీ ఖాళీ. కావ్య తల ఎత్తింది గాని ముందుకు చూడలేదు. బెంచీ వైపు చూసింది. అక్కడ తెల్లగీతల మధ్య ఎవరూ లేరు. ఆ చూపు వెనక్కి తిరిగేలోగా ఎదుటి అమ్మాయి బంతిని తన్నుకుపోయింది. తర్వాత జుబేదా. ఆమె కూడా అంతే. గోల్‌కీపర్ బంతి చేతుల్లో పెట్టుకొని, ఎటు విసరాలో అడుగుతున్నట్టు అదే ఖాళీ చోటు వైపు చూసింది. ఒక్కొక్కరిలోనూ ఒక్క అరక్షణం.

"ఆట ఆడేటోళ్లు బంతిని సూడాలె," అన్నారు సార్ మెల్లగా. "వీళ్లు నిన్ను సూస్తున్నరు."

విరామంలో పిల్లలంతా గ్రౌండు అంచునే నిలబడిపోయారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడేది ఎప్పుడూ ఒక్కరే కావడంతో, తక్కినవాళ్లకు ఆ అలవాటు లేదు. చివరికి కెప్టెన్ ఇందుజ ఏదో అంది. జుబేదా చెయ్యి ఊపుతూ కాదంది. కావ్య ఇద్దరి మధ్యకు వచ్చింది. పైకి మాటలు వినిపించడం లేదు. తన ఇంట్లో తలుపు వేసుకొని ఎవరో మాట్లాడుకుంటుంటే బయట నిలబడినట్టు అనిపించింది స్వరూపకు.

రెండో సగం మొదలవగానే ఇందుజ జుబేదాను పక్క నుంచి నడుమకు తెచ్చింది. స్వరూప దిగ్గున లేచింది. "వద్దు ఇందూ, ఆమె ఒళ్లు సన్నం, నడుమ నిలువది" అని గొంతుదాకా వచ్చిన మాటను పళ్ల మధ్య అదిమి పట్టింది. మూడేళ్లుగా జుబేదాను అంచు దాటనివ్వలేదు తను. మొదట తడబడ్డారు. రెండుసార్లు బంతి పోగొట్టుకున్నారు. ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. ఆ అరుపులే మెల్లగా పిలుపులయ్యాయి. "ఇటు!" "వదిలెయ్యి!" "నేనున్న, నేనున్న!" మునుపెన్నడూ వినని గొంతులు. సాయంత్రపు ఎండ గోల్ స్తంభాల మీదికి వాలుతుండగా కావ్య తల కూడా ఎత్తకుండా బంతిని నడుమకు తోసింది. జుబేదా అక్కడ ఉండనే ఉంది. ఇద్దరి మధ్య నుంచి జారి, గోల్‌కీపర్ కాళ్ల పక్కనుంచి బంతిని నెట్లోకి పంపింది.

గ్యాలరీ లేచి నిలబడింది. స్వరూప మాత్రం కూలబడింది.

"ఆ పిల్లను నడుమకు తెమ్మని నువ్వు చెప్పినవా?" అడిగారు సార్.

"ఎన్నడూ చెప్పలే సార్. వద్దనే చెప్పిన."

"మరి ఎవరు నేర్పిండ్రు?"

ఎవరూ నేర్పలేదని చెబితే అబద్ధమనిపించింది ఆమెకు. నేనే అని చెబితే అదీ అబద్ధమే.

చివర్లో ఇందుజ తలతో కొట్టిన బంతి గోల్ పై కర్రకు తగిలి గాల్లోకి లేచింది. అంతే, ఆట అయిపోయింది. డ్రా. కేరళ అమ్మాయిలు ఒకరినొకరు ఎత్తుకొని గంతులు వేశారు. ఛైర్మన్ ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కాడు. సార్ ఫోన్ తిరిగి ఇచ్చేశారు. స్వరూప దాన్ని చూడకుండానే సంచిలో వేసుకుంది.

పిల్లలు బయటికి వచ్చే గేటు దగ్గర సార్‌తో పాటు నిలబడింది. ఏడ్చేవాళ్లను దగ్గరికి తీసుకోవాలని, తప్పంతా తనదేనని చెప్పాలని మాటలు పేర్చుకొని పెట్టుకుంది. ముందుగా కావ్య, ఇందుజ వచ్చారు. మోకాళ్ల నిండా మట్టి. "నువ్వు ఎనక్కి వచ్చుంటే రెండోది పడేది!" "పిలిచిన గదనే, నువ్వే ఇనలే!" "వచ్చేసారి నేను పిలువకముందే కదులు, సరేనా?" వాళ్ల వెనక జుబేదా, చేతులతో గాల్లో ఏదో గీసి చూపిస్తూ, గోల్‌కీపర్‌తో తగువు పడుతోంది. ఒక్కరూ ఏడవడం లేదు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నుంచి, ఆటలోనే ఇంకా ఉన్నట్టుగా, జట్టు మొత్తం ఆమెను దాటి బస్సు వైపు వెళ్లిపోయింది. స్వరూప చెయ్యి సగం లేచి అక్కడే ఆగిపోయింది. ఆమె సార్ వైపు తిరిగింది.

"నిన్ను ఒక్కలు గూడ సూడలే బిడ్డా," అన్నారు ఓదెలు సార్. "సంబురపడు."