చిట్టేటిలో పోలయ్య కాలు

అనగనగా ఒక ఏరు. ఎప్పటి మాటో నన్నడక్కండి. మా తాతకి వాళ్ళ తాత చెప్పేనాటికే ఇది పాత కథ. ఆ ఏటి పేరు చిట్టేరు. కొండ చీలికలో పుట్టి, రెండామడలు పారి, పెద్దేట్లో కలిసేది. పొద్దున్నే బయల్దేరితే పొద్దుగూకే లోపు ఏరంతా నడిచెయ్యొచ్చు.

అంత చిన్న ఏటి మీద నాలుగూళ్ళు బతికేవి. కొండ కింద కొలిమిమిట్ట. అక్కడ నల్లిసుక కడిగి ఇనుము తీసేవాళ్ళు. దాని కింద జనపవాడ. అక్కడ జనుము నానబెట్టి తాళ్ళు పేనేవాళ్ళు. దాని కింద ఎర్రగుడ్డలపాలెం. అక్కడ బట్టలకు అద్దకం వేసి ఏట్లో జాడించేవాళ్ళు. అట్టడుగున కాగితాలపేట. పైవాళ్ళు పారేసిన పాత తాళ్ళూ చింకి గుడ్డలూ తెచ్చుకుని, నానబెట్టి దంచి కాగితం చేసేవాళ్ళు.

ఎర్రగుడ్డలపాలెంలో పోలిగాడని ఒకడుండేవాడు. తడిబట్టల మూటలు నెత్తిన పెట్టుకుని ఇసుక మేటకు మొయ్యడం వాడి పని. వాడి కాళ్ళకు చక్రాలున్నాయనేవాళ్ళు ఊళ్ళోవాళ్ళు. కుదురుగా కూర్చుని నాలుగు మెతుకులు తిన్న పాపాన పోలేదు. ముద్ద నోట్లో ఉండగానే లేచి గట్టెక్కేవాడు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే వాణ్ణి సాకింది అక్క చంద్రమ్మ. ఆమెను కాగితాలపేటకిచ్చారు. వాడికి లోకంలో ఉన్నది ఆమె ఒక్కతే. పని ముగిస్తే చాలు, అక్కడికి ఉరికేవాడు.

ఒక ఏడు వేసవిలో పని తెమలక నెల తర్వాత వెళ్ళేసరికి కాగితాలపేటలో దంపుడు చప్పుడు లేదు. తొట్లు నెర్రెలిచ్చి ఉన్నాయి. చంద్రమ్మ సామాను మూట కడుతోంది.

"ఇదేంటే అక్కా?"

"ఏరు మాదాకా రావడం మానేసిందిరా. అమావాస్య దాకా చూస్తామన్నారు పెద్దలు. ఇంకా ఆరు రోజులుంది. అప్పటికీ రాకపోతే ఊరు ఊరంతా కదిలిపోతాం."

"ఎక్కడికి?"

"నీళ్ళున్న చోటికంట. అదెక్కడో వాళ్ళకే తెలీదు."

పోలిగాడు మంచినీళ్ళైనా తాగకుండా వెనక్కి తిరిగాడు.

ఎర్రగుడ్డలపాలెంలో మూడేళ్ళుగా వేసవికి రాళ్ళు పేర్చి ఏటికి అడ్డంగా కట్ట వేస్తున్నారు, ఈసారి ఇంకా ఎత్తుగా వేశారు. అద్దకం మేస్త్రి వీరాస్వామిని అడిగాడు.

"మనం ఆపింది కాస్తే కదరా. బట్ట జాడించుకోవాలా వద్దా? పైవాళ్ళనడుగు పో."

జనపవాడకు ఉరికాడు. అక్కడా కట్ట.

"మేం ఆపింది కాస్తే కదయ్యా. జనుము నానాలా వద్దా? పైవాళ్ళనడుగు పో."

కొలిమిమిట్టకు ఉరికాడు. అక్కడా కట్ట.

"మేం ఆపింది కాస్తే కదా. ఇసుక కడగాలా వద్దా? కొండనడుగు పో."

వాడు కొండనీ అడిగొచ్చాడు. చీలిక దగ్గర నీళ్ళు ఎప్పటిలాగే ఎద్దు మెడంత లావున దూకుతున్నాయి. దొంగ ఎవడో ఉంటాడు, జుట్టు పట్టుకుందామని వెళ్ళినవాడికి దొంగే దొరకలేదు. మూడూళ్ళ కాస్తలూ కలిసి ఏటిని మింగేశాయి. దోసెడు నీళ్ళు తాగి వెనక్కి తిరిగాడు.

రెండో రోజుకి ఊరు చేరి, తిన్నగా కట్ట మీదికెళ్ళి ఒక రాయి లాగేశాడు. మేస్త్రి మనుషులు తిరిగి పెట్టారు. మళ్ళీ లాగాడు. మళ్ళీ పెట్టారు. మూడోసారి లాగి, ఆ సందులో కాలు పెట్టి నిలబడ్డాడు.

"కాలు తియ్యరా."

"తియ్యను మేస్త్రీ."

వీరాస్వామి పగలబడి నవ్వాడు. "వదిలెయ్యండి. తాంబూలం నమిలేంత సేపు వీడు ఒకచోట ఉంటే నా మీసం తీయించుకుంటా."

మొదటి రోజు ఊరంతా వచ్చి నవ్వింది. రెండో రోజు ఊరంతా తిట్టింది. వాడి కాళ్ళు పరుగుకి తహతహలాడుతున్నాయి. పిక్కలు పీకుతున్నాయి, అరికాలు దురద పెడుతోంది. అక్క మూట కట్టేసిందేమోనని తల తిరిగిపోతోంది. అయినా కదల్లేదు. వాడి పాదం పక్కనుంచి నీళ్ళు కిందికి జారుతూనే ఉన్నాయి.

మూడో రోజు జాడించే ఆడవాళ్ళు కట్ట వెనక మడుగు కంపు కొడుతోందని బట్టల్ని వాడి కాలి దగ్గర, పారే నీళ్ళలో జాడించారు. ఇసుక మీద ఆరేస్తే ఎరుపు నిగనిగలాడింది. మూడు వేసవుల్నించి అద్దకం మసకేస్తుంటే, రంగు తీసే వేరు మంచిది కాదని దాన్ని అమ్మినవాళ్ళని ఆడిపోసుకున్నారు. నీళ్ళు నిలవేసింది తామేనని ఒక్కరికీ తట్టలేదు. మేస్త్రి ఆ బట్ట చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ సందు ఇక మూయంలేరా. కాలు తియ్యి."

"పైవాళ్ళు కూడా వదలాలి మేస్త్రీ."

వీరాస్వామి నీళ్ళలోకి వంగి, వాడి పాదాన్ని కొబ్బరీనెతో కొలిచి, తనే పైకి నడిచాడు. రెండు కట్టల దగ్గరా ఒకటే మాట చెప్పాడు. "మావాడి కాలు ఇంకా నీళ్ళలోనే ఉంది. మీరు ఇంత మేర వదిలితేగాని తియ్యనంటున్నాడు." వాళ్ళు ఈనె వంకా చూశారు, మేస్త్రి మొహం వంకా చూశారు. తలా ఇన్ని రాళ్ళు తీశారు.

అమావాస్య నాటి ఉదయం చంద్రమ్మ ఏటి వెంట నడిచి వచ్చింది. చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. కట్ట ముందు నిలబడి చెప్పింది.

"చేరాయి, తమ్ముడూ."

అప్పుడు తీద్దామనుకున్నాడు కాలు. రాలేదు. నలుగురు పట్టి ఎత్తారు. పాదం తెల్లగా పాలిపోయి, మడమ చీలిపోయి ఉంది. ఏ పసరు పోసినా ఆ పుండు మానలేదు. తర్వాత ఎప్పుడూ వాడు ఆ కాలు నేల మోపలేదు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ తిరిగినవాడు కట్ట పక్కన ఇసుకలో కూర్చుండిపోయాడు. కూర్చున్నా వాడికి శాంతి లేదు. దారిన పోయే ప్రతివాణ్ణీ అదే అడిగేవాడు. "నీళ్ళు అడుక్కి చేరాయా? చూసొచ్చావా?" చూసొచ్చామని చెప్పేదాకా కదలనిచ్చేవాడు కాదు. అలా నాలుగు వేసవులు అడిగి, అయిదో వేసవి రాకముందే పోయాడు.

ఉన్నన్నాళ్ళూ పోలిగాడు. పోయాక పోలయ్య.

ఇప్పటికీ ఎర్రగుడ్డలపాలెంలో చిట్టేటికి కట్ట వేసేటప్పుడు ఊరి పెద్ద ఒకడు నీళ్ళలో కాలు పెట్టి నిలబడతాడు. ఆ కాలికి అటూ ఇటూ రాళ్ళు పేర్చి, అప్పుడు కాలు తీస్తాడు. ఆ సందును 'పోలయ్య అడుగు' అంటారు. దాన్ని ఎవ్వరూ మూయరు. ఆ మర్నాడు కాగితాలపేట నుంచి ఒక ఆడమనిషి తడి చీరతో నడిచి వస్తుంది. ఒక్కో ఏడు పండు ముసలి, ఒక్కో ఏడు ఎనిమిదేళ్ళ పిల్ల. వచ్చి, ఎవరూ లేని ఆ ఇసుక వైపు తిరిగి చెబుతుంది.

"చేరాయి, తమ్ముడూ. నేను చూసొచ్చా."