పరాయివాళ్ళు అడగక్కర్లేదు

ఇలా రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. సింహాద్రీ, ఆ మెట్టు మీంచి వేలాడకు, కింద చాప ఉంది కదా, కూర్చో. ఇందాక పైడి అడిగింది, "వీసా అంటే ఏంటి మాస్టారూ?" అని. పరాయి దేశంలో అడుగుపెట్టే ముందు వాళ్ళని అడిగి పుచ్చుకునే అనుమతమ్మా అది. కొన్ని దేశాలు ఏదో ఒక ప్రాంతాన్ని ప్రత్యేకంగా విడదీసి, "ఇక్కడికి మాత్రం అడక్కుండా రండి, కొన్నాళ్ళుండి వెళ్ళండి" అంటాయి. నలుగురూ వస్తే వ్యాపారం పెరుగుతుందని. మంచి మాటే. కానీ ఒక అడవిలో అదే పని చేస్తే ఏమైందో వినండి.

ఆ అడవిలో ఏరు రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసేది. పాయల నడుమ ఒక దిబ్బ, దిబ్బ మీద లోతైన మడుగు. ఎండలు ముదిరి ఏరంతా ఇసకైపోయినా మడుగులో నీళ్ళుండేవి. దిబ్బ చుట్టూ తుమ్మముళ్ళు. లోపలికి ఒకటే దారి, రెండు బండల మధ్య సందు.

అడవికి పెద్ద ఎలుగుబంటి. మనసు మంచిదే, మాట మాత్రం పొదుపు. అది అందరినీ పిలిచి చాటింది: "మన చెట్లు తగ్గిపోతున్నాయి. దూరదేశం పక్షులు వస్తే కాళ్ళ మట్టిలో కొత్త విత్తనాలు తెస్తాయి. ఇకమీదట దిబ్బ మీదికి వచ్చే పరాయివాళ్ళు ఎవరినీ అడగక్కర్లేదు. ఒక పక్షం ఉండి వెళ్ళొచ్చు." వచ్చినవాళ్ళని ఆదరించమని నక్కని సందు దగ్గర కూర్చోబెట్టి, తేనె కోసం కొండెక్కింది.

కొంగలు గుంపులుగా దిగాయి. దిగినవి ఊరుకోక నక్క ముందు చేపలు పడేశాయి. నక్క మూతి తుడుచుకుని ఆలోచించింది. 'మనవాళ్ళొస్తే మడుగు బురద చేస్తారు. చేపలు అడుగుకి పోతాయి. పైగా నాకు ఒరిగేదేముంది?' పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

మిట్టమధ్యాహ్నం అడవిగేదె దూడని తోలుకుంటూ వచ్చింది.

"ఆగక్కా, ఎక్కడికి?" అంది నక్క.

"ఎక్కడికేంట్రా తమ్ముడూ, మడుగుకి. దూడ చూడు, నాలుక బయటేసింది."

"అనుమతి ఉందా?"

గేదె నవ్వింది. వేళాకోళం అనుకుంది. "అడగక్కర్లేదని పెద్దయ్య చాటాడుగా!"

"ఎవరు అడగక్కర్లేదన్నాడు?"

"పరాయివాళ్ళు."

"మరి నువ్వు పరాయిదానివా?"

"ఛీ, అదేం మాట! నేను పుట్టిందే ఆ మడుగు గట్టున."

"అదే నేనూ చెప్పేది. పరాయివాళ్ళు అడగక్కర్లేదంటే, సొంతవాళ్ళు అడగాలనేగా?"

గేదె నెమరు ఆగిపోయింది. వెనకే వచ్చిన జింకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక కొంగ వచ్చి, నక్క పక్కనుంచి దర్జాగా నడిచి లోపలికి పోయింది.

"అయ్యయ్యో! ఊరూ పేరూ తెలియని దాన్ని పంపి, మమ్మల్ని ఆపుతావా మామా?" అంది ఒక జింక.

"నేనెవర్ని ఆపడానికి? మాట అలా ఉంది."

"సరే, అడుగుతున్నా. పంపరా," అంది గేదె.

"అడిగావు, విన్నాను. ఆలోచించి చెప్తా."

"ఎప్పుడు?"

"ఆలోచన వచ్చినప్పుడు."

దూడ మోకాళ్ళ మీద కూలబడింది. గేదె దాని మొహం నాకింది. తన నాలుకా ఎండిపోయే ఉంది. పెద్దయ్య ఎప్పుడు దిగొస్తాడో తెలియదు. అందాకా దూడ ఆగదు. కొమ్ములతో కుమ్మేద్దామా అంటే, పెద్దయ్య పెట్టిన కాపలా. మాట మీరితే అడవిలోంచి వెలి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

చెట్ల నీడలోనన్నా పడుకోబెడదామని దూడని మూతితో లేపి, గేదె వెనక్కి తిరిగింది. కడుపు మండిపోతున్నా మర్యాద తప్పలేదు.

"వెళ్ళొస్తాను తమ్ముడూ."

నక్క పళ్ళ సందులో చేపముల్లు తీసుకుంటూ అలవాటుగా అనేసింది. "ఆఁ, వెళ్ళిరా అక్కా."

మనలో "పోతాను" అనకూడదు కదా, పిల్లలూ. "వెళ్ళొస్తాను" అనాలి. అవతలివాళ్ళు "వెళ్ళిరా" అనాలి. ఊరికే "పో" అంటే అపశకునం. నక్కకీ వాళ్ళమ్మ అదే నేర్పింది.

గేదె నాలుగు అడుగులు వేసి టక్కున ఆగింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. మళ్ళీ తిరిగొచ్చి నక్క ఎదురుగా నిలబడింది.

"వచ్చాను."

"ఎవరు రమ్మన్నారు?"

"నువ్వే. వెళ్ళమన్నావు, వెళ్ళాను. రమ్మన్నావు, వచ్చాను. అనుమతి ఇచ్చేది నువ్వేగా?"

నక్క చేతిలో చేపముల్లు జారిపోయింది. "అ... అది ఊరికే మాటవరసకి..."

బండ మీదున్న ముసలి కొంగ గొంతు సవరించుకుంది. "నేనూ విన్నాను నాయనా. 'రా' అన్నావు. పరాయిదాన్ని, నాకెందుకు అబద్ధం?"

గేదె దూడని ముందుకి తోసి సందు దాటింది. దూడ మూతి నీళ్ళలో పెట్టిన చప్పుడు ఇవతలికి వినిపించింది. అంతే! జింకలు, అడవిపందులు, కుందేళ్ళు వరస కట్టాయి. "వెళ్ళొస్తాం మామా!" "వెళ్ళొస్తాను బావా!"

నక్క రెండు చేతులా నోరు మూసుకుంది. ఇక తప్పించుకునే దారి ఒకటే తోచింది.

"పో!" అని అరిచింది.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఒక ముసలి కుందేలైతే గుండె పట్టుకుని కూర్చుంది. ఎవరైనా ఎదుటివాళ్ళని ఆ మాట అంటారా! నక్క సిగ్గుపడలేదు సరికదా, ఆ రోజు నుంచీ ఎవరు సెలవడిగినా "పో" అనడమే. నాలుక దానికే అలవాటు పడిపోయింది. బయట ఆగిపోయినవాళ్ళు ఏటి ఇసక తవ్వుకుని, ఊరిన చుక్కలతో ప్రాణం నిలుపుకున్నారు.

కొన్నాళ్ళకి ఎలుగుబంటి కొండ దిగింది. మూతికి తేనె, ఒళ్ళంతా తేనెటీగల కాట్లు. మడుగులో స్నానం చేసి తీరిగ్గా బయటికొచ్చింది.

"సరేరా, గుహకి వెళ్ళొస్తాను."

"పో!" అంది నక్క.

ఎలుగుబంటి చెవిలో నీళ్ళు దులుపుకుని దగ్గరికొచ్చింది.

"ఏమన్నావురా?"

"పె... పెద్దయ్యా, మిమ్మల్ని కాదు. 'వెళ్ళిరా' అంటే తిరిగి లోపలికొచ్చేస్తున్నారని..."

"ఎవరు వచ్చేస్తున్నారు?"

"మనవాళ్ళే."

"మనవాళ్ళు వస్తే నీకేం?"

నక్క చెప్పక తప్పలేదు. ఒక్కో మాటా దాని నోట్లోంచే బయటపడింది. వింటున్న ఎలుగుబంటి అక్కడే చతికిలబడింది.

"పరాయివాళ్ళు అడగక్కర్లేదన్నానురా. మనవాళ్ళు అడగాలని ఎప్పుడన్నాను? సొంతింటికి ఎవరైనా అడిగి వస్తారా! అది కూడా నోరు తెరిచి చెప్పాలని నాకు తట్టలేదే!" అని నెత్తి కొట్టుకుంది. తర్వాత లేచి, ఏటి అవతలి గట్టు వైపు పంజా చూపించింది. "నడు."

నక్క తోక ముడిచి నాలుగు అడుగులు వేసింది. ఆశ చావక వెనక్కి తిరిగి చూసింది.

"వెళ్ళొస్తాను పెద్దయ్యా... వెళ్ళొస్తాను అక్కా..."

ఎవరూ "వెళ్ళిరా" అనలేదు.

వచ్చేవాళ్ళకి తలుపు తీసేవాడు, ఇంట్లోవాళ్ళ మీద గడియ పడకుండా చూసుకోవాలి. అంతేనర్రా కథ. ఇక లేవండి. పైడీ, మీ అమ్మ పోపు వాసన ఇక్కడిదాకా వస్తోంది. పోపు చల్లారకముందే ఇళ్ళకి చేరి, కడుపునిండా అన్నాలు తినండి.