వీధివైపు తిప్పిన చెప్పులు

కోటను ఏలే ఖిల్లాదారుకు తానిచ్చిన సలహాయే తమ్ముడి మెడకు ఉరితాడవుతుందని రసూలు కలలో కూడా అనుకోలేదు.

మూడేళ్ళుగా కొండల్లోని ముఠా ఒకటి సంతరోజు చూసి అంగళ్ళకు నిప్పు పెడుతోంది. దోచుకోవడానికి కాదు, జనం వణకడానికి. తెలివైనవాడని పేరున్న రసూలును ఖిల్లాదారు పిలిపించి ఏం చేద్దామని అడిగాడు. మనిషన్నవాడు లాభనష్టాలు చూసుకునే అడుగేస్తాడని, నష్టం పెంచితే వాళ్ళే దారికొస్తారని రసూలు చెప్పాడు. కొండెక్కినవాడు మళ్ళీ ఊళ్ళో కనిపిస్తే ఉరేనని దండోరా వేయించారు.

ఒక్కడూ దిగిరాలేదు. మంటలు రెట్టింపయ్యాయి. తమ్ముడు జిలానీ కూడా ఆ ముఠాలోనే ఉన్నాడని రసూలుకు ఆ తర్వాత తెలిసింది.

పరుగున గురువు బురాన్ షా ఇంటికి వెళ్ళి కూలబడ్డాడు.

"నా లెక్క తప్పు కాదు బాబా. వాళ్ళకే పిచ్చి. తమ మేలు తమకే తెలీదు."

ఆ ఇంట్లో ఒక ఆచారముంది. వచ్చినవాళ్ళు గడప దగ్గర విడిచిన చెప్పుల్ని, వెళ్ళేటప్పుడు సులువుగా కాళ్ళు దూర్చుకునేలా వీధివైపు తిప్పి పెడతారు. పన్నెండేళ్ళుగా ఆ పని రసూలుదే. ఆ రోజు బాబా స్వయంగా లేచి, రసూలు చెప్పులు తీసి చంకలో పెట్టుకుని, ఇక ఇంటికి వెళ్ళమన్నారు.

రోహిణికార్తె, మిట్టమధ్యాహ్నం. రసూలు ఒక అడుగు బయటపెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు.

"ఏం, లోపల అంత బాగుందా?"

"లేదు బాబా. బయట కాళ్ళు కాలుతున్నాయి."

"అంతే కానీ నీకు పిచ్చేమీ పట్టలేదు కదా?"

బాబా వంగి, చెప్పులు వీధివైపు తిప్పి అతని ముందు పెట్టారు. అంత పెద్దాయన తన చెప్పులు ముట్టుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోతూనే వాటిలో కాళ్ళు దూర్చి, రసూలు తిన్నగా కోటకు నడిచాడు.

ఖిల్లాదారును ఒప్పించడానికి పదిరోజులు పట్టింది. మనిషిని చంపనివాడు ఆయుధం వదిలి వస్తే ప్రాణభయం లేదని, దున్నుకోవడానికి భూమి కూడా ఇస్తామని కొత్త దండోరా వేశారు. మొదటి వారం ఇద్దరొచ్చారు, రెండో వారం తొమ్మిదిమంది. చాన్నాళ్ళకు ఒక సంత చల్లగా జరిగింది.

ఆ మర్నాడే బాబా గడప ముందు జిలానీ నిలబడ్డాడు, చెప్పుల్లేకుండా, మోకాళ్ళదాకా దుమ్ముతో. రసూలుకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. దాని వెనకే కోపం ముంచుకొచ్చింది. ఎందుకెళ్ళావు, ఎన్ని అంగళ్ళు కాల్చావు అని గుక్క తిప్పుకోకుండా నిలదీయబోయాడు.

బాబా నీళ్ళచెంబు తెచ్చి రసూలు చేతిలో పెట్టారు.

"లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ముందు వాడి కాళ్ళకు నీళ్ళు పొయ్యి."